పాట దొంగిలించిన కలుగు

జీడితోటకీ చోళ్ళ చేలకీ నడుమ ఒక రాళ్ళగుట్ట ఉంది. ఆ గుట్ట కింద నేలంతా కలుగులే. కుందేళ్ళు, పందికొక్కులు, ఉడుములు, ముళ్ళపందులు. ఎవరి కలుగు వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. గుట్టమీద ఒక తుమ్మచెట్టు, దాని చిటారుకొమ్మన కాకి అప్పలస్వామి గూడు. గుట్టకి పెద్ద ఆయనే. ఏ తగువు వచ్చినా ఆ చెట్టు కిందే తెగాలి.

అక్కడే ఒక కోయిల ఉండేది. గొంతు మంచిది, కాదనడానికి లేదు. ఎండలు ముదిరాక ఆమె జతని పిలిచే జోడు పాట ఎత్తుకుంటే ముసలి ఉడుములకి కూడా పాత సంగతులు గుర్తొచ్చేవి. పాట వినాలనుకున్నవాళ్ళు ఓ వేపపండు పట్టుకుని ఆమె కొమ్మ కిందకి వెళ్ళాలి, అది ఆచారం. అందులో తప్పేం లేదు. గొంతు ఆమెది, కష్టం ఆమెది. కానీ గోరింకలు ఊరుకుంటాయా? చెట్టు కింద ఒకసారి విన్న పాటని కలుగు కలుగుకీ మోసుకుపోయి ఊరికే పాడిపోయేవి. పిల్లాజెల్లా ఆ రాగం పట్టుకుని ఇంట్లోనే కూనిరాగం తీసేవాళ్ళు. ఇంట్లో దొరుకుతుంటే పండు పట్టుకుని ఎండలో పోవడమెందుకని కొందరు వెళ్ళడం మానేశారు. కోయిలకి కడుపు మండింది.

కడుపు మండినవాళ్ళని గుంటనక్క పైడయ్య వెతుక్కుంటూ వస్తాడు. పొగ కనబడితే చాలు, చలి కాచుకోవడానికి చేతులు చాపే రకం. పాట దొంగల్ని తను పట్టిస్తానని, వచ్చినదాంట్లో నీకూ ఇంత ముట్టచెబుతానని కోయిలకి నచ్చజెప్పాడు. ఒక తొండని పనిలో పెట్టుకున్నాడు. సందెవేళ రాళ్ళమీద కూర్చుని, ఏ కలుగులోంచి పాట వినబడితే ఆ కలుగు గుర్తుపెట్టుకుని రావడం తొండ పని. తెల్లారేసరికి ఆ కలుగు ముందు గోళ్ళతో గీకిన, విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒకటి పడి ఉండేది. పైడయ్య తాఖీదు అది.

అలాంటి అడ్డాకు ఒకనాడు నూకాలు గడపలోనూ పడింది.

నూకాలు పందికొక్కు. మొన్నటి వేసవి దుక్కిలో నాగలి కింద మొగుడు పోయాడు. నోరు మాత్రం ముళ్ళపంది వీపులాంటిదని గుట్టంతా చెప్పుకునేది. ఆకు తీసి చదివింది.

"ఈ కలుగులో కోయిలమ్మ జోడు పాట దొంగచాటుగా వినబడినట్టు రుజువైంది. మృగశిర వానలు పడేలోగా గాదెలో సగం గింజలు నా గుహ ముందు పోస్తే సంగతి గుట్టుగా ముగుస్తుంది. లేదా తుమ్మచెట్టు కింద నలుగురిలో పిలిపిస్తాం."

నక్కకి గింజలెందుకని అడగకండి. గింజలు చల్లిన చోటికి ఊళ్ళో కోళ్ళు వాటంతటవే వస్తాయి.

నూకాలు గాదె వైపు తిరిగింది. రోళ్ళు పగిలే రోహిణి ఎండలో చేను చేనూ తిరిగి, ఒక్కొక్క చోళ్ళ కంకీ నోట కరుచుకొచ్చి నింపిన గాదె అది. వానలు పట్టుకుంటే కలుగు మూతులన్నీ బురదతో పూడిపోతాయి, గడప దాటే వీలుండదు. కిందటి వానల్లో గాదె ముందే అడుగంటింది. చివరి చంటిది పాలు లేక ఆమె కడుపు కిందే చల్లబడిపోయింది. ఈసారి పిల్లలు ఇంకా కళ్ళయినా తెరవలేదు. సగం గాదె పోతే సగం వానలు ఎలా గడవాలి?

అయినా ఆమె చెయ్యి గాదె మూతమీదకే వెళ్ళింది. గింజలకంటే ఆ జోడు పాట అన్న మాట ఆమెని ఎక్కువ కుదిపింది. మొగుడు పోయినదాని ఇంట్లో జోడు పాట వినబడిందట. నలుగురిలో ఆ మాట అంటే రేపు ఏ ముఖం పెట్టుకుని చేనుకి వెళ్ళాలి? ఇచ్చేస్తే పోలా, పీడా వదులుతుంది అనుకుంది. ఇంతలో చంటివాళ్ళు గుడ్డిగా తడుముకుంటూ వచ్చి పొట్ట పట్టుకున్నారు. మూత మీంచి చెయ్యి తీసేసింది.

కలుగులో ఉన్నవాళ్ళందర్నీ అడిగింది. వెనక గదిలో చుంచెలుక సంసారం ఉంది, తమకేం తెలియదన్నారు. చెమ్మ మూలనున్న కప్ప తన పాట తనకి చాలంది. పెద్ద కూతురు మాత్రం గోడవైపు చూసింది. నూకాలు అది గమనించి ఆ పిల్లని అడగలేదు. పిల్ల అయి ఉండొచ్చు, చుంచెలుక అయి ఉండొచ్చు, దారిన పోతూ మూతి దగ్గర ఆగిన గోరింకే అయి ఉండొచ్చు. నాలుగు మూతులున్న కలుగులో ఎవరి నోరు ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు?

పక్క కలుగు కుందేలు సన్యాసిది. పేరుకి సన్యాసి, పిల్లలు కలుగుకి పట్టనంత మంది. నూకాలుని అక్క వరసన అప్పా అని పిలుస్తాడు. తాఖీదు సంగతి ఎత్తితే, తాఖీదంటే ఏమిటప్పా, మాకలాంటివి రావు అన్నాడు. ఆ మాట అంటుండగానే వాళ్ళావిడ పిల్లలకి తిండి వడ్డించింది. నూకాలు వంగి ఒక విస్తరి కొస పైకెత్తింది. వెనక గోళ్ళ గీతలు.

సన్యాసి చెవులు రెండూ వాలిపోయాయి. తన గాదెలో సగం అప్పుడే పోసి వచ్చాడు.

"ఒక్క మాట నాతో చెప్పలేకపోయావా?" అంది నూకాలు.

"ఏమని చెప్పమంటావప్పా? జోడు పాట విన్నానని నీ దగ్గరికొచ్చి చెప్పుకోమంటావా?"

"విన్నావా మరి?"

"లేదు. కానీ లేదంటే నమ్మేదెవరు?" అన్నాడతను, పెళ్ళాం వైపు ఓ కన్నేసి.

ఆ మధ్యాహ్నం నూకాలు గడప గడపా ఎక్కింది. ఉడుము ఇంట్లో మొగుడికి తెలియకుండా పెళ్ళాం ఇచ్చింది. ఎలుకల ఇంట్లో పెళ్ళాం చూడకుండా మొగుడు ఇచ్చాడు. ప్రతివాళ్ళూ ఆకు తమ ఒక్కరికే వచ్చిందనుకున్నారు, సిగ్గుతో గింజలు మోశారు. ఊరంతా ఒకే గోతిలో పడి, ఎవరికి వాళ్ళు తామొక్కరమే పడ్డామనుకున్నట్టుంది. ఇంకా ఇవ్వని ముళ్ళపంది ఆకు అవతల పారేసి ఊరుకోమంది. సన్యాసి వెళ్ళి కాళ్ళు పట్టుకోమన్నాడు, సగంలో సగం తగ్గిస్తాడట.

"ఊరుకుంటే ఒప్పుకున్నానంటాడు. కాళ్ళు పట్టుకుంటే తప్పు చేశానంటాడు," అంది నూకాలు. "పాడిందెవరో వాడినే అడుగుతాను."

పైడయ్య గుహ ముందు గింజలు కుప్పగా ఉన్నాయి. పక్కన రాయిమీద తొండ. నక్క ఆమెని చూసి, రా నూకాలమ్మా, గింజలు ఎవరిచేత మోయిస్తున్నావు అని మర్యాదగానే పలకరించాడు.

"మా కలుగులో పాడిందెవరు పైడయ్యా?"

"పాట వినబడింది మీ కలుగులోంచి. ఏం రా, ఔనా?" తొండ తల ఊపాడు.

"అది ఆకు మీదే ఉంది. పాడిన నోరెవరిది? నాదా, చుంచుదా, కప్పదా?"

"అది నాకెందుకమ్మా? కలుగు నీది. కలుగులో పాట పుడితే కలుగుదే బాధ్యత." తర్వాత గొంతు తగ్గించి, ఆడకూతురివి, నలుగురిలో ఈ మాటలు నీకేం బాగుంటాయి చెప్పు, గుట్టుగా తేల్చుకుంటే నీకే మంచిది అని సలహా కూడా ఇచ్చాడు. తేలుకి పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. ఇంకాసేపు నిలబడితే ఆ గొంతులోని దయకి లొంగి ఒప్పేసుకుంటానని తోచి నూకాలు వెనక్కి తిరిగింది.

తుమ్మచెట్టు కిందుగా వస్తుంటే పైనుంచి సన్నగా వినబడింది. కూ... కూ... లేత గొంతు, రాగం ఇంకా కుదరలేదు, కానీ పాట అదే. నూకాలు తల ఎత్తింది. పాట కాకి అప్పలస్వామి గూట్లోంచి వస్తోంది. ఆ పక్క కొమ్మమీద ఆకుల చాటున కోయిల ఒదిగి కూర్చుని, గూటివైపే రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

కోయిల తన గుడ్లు కాకి గూట్లో పెడుతుందని కాకికి తప్ప లోకానికంతా తెలుసు.

నూకాలుకి నవ్వొచ్చింది. ఆకు వచ్చాక ఆమెకి నవ్వు రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత కాకి పెళ్ళాన్ని కేకేసి, వదినా, రేపు పొద్దున తగువు పెట్టించాలి, అన్నయ్యతో చెప్పు అంది.

మర్నాడు చెట్టు కింద గుట్టంతా చేరింది. ఎవరి ముఖం ఎవరూ చూడటం లేదు. కోయిల ఒక కొమ్మమీద, పైడయ్య కింద రాయిమీద, వాడి పక్కన తొండ. అప్పలస్వామి గొంతు సవరించుకుని ఎవరి తగువని అడిగాడు.

నూకాలు ముందుకొచ్చింది. "నాదే పెద్దన్నా. మా కలుగులో జోడు పాట వినబడిందని పైడయ్య ఆకు పంపాడు. సగం గాదె అడిగాడు." ఎవరూ నవ్వలేదు. అదే ఆకు వాళ్ళందరి ఇళ్ళలోనూ ఉంది. "పాటకి పండు ఇవ్వడం న్యాయమే. తీసుకున్న నోటిని చూపిస్తే ఆ పండు నేనే మోసుకొచ్చి ఇస్తాను. నోరెవరిదని అడిగితే నాకెందుకంటున్నాడు. ఆ మాటేదో ఇక్కడ చెప్పమనండి."

పైడయ్య ఇలాంటి చోటికి ఎప్పుడూ రావాలనుకోలేదు, కానీ వచ్చాక బెదిరేవాడు కాదు. "ఏ గూట్లో పాట వినబడితే ఆ గూడు దొంగది. నోటితో పనిలేదు. సాక్షి ఉన్నాడు."

"చిన్నా పెద్దా అందరికీ ఇదే మాటా?"

"అందరికీ."

నూకాలు తొండ వైపు తిరిగింది. సన్యాసి కలుగులో విన్నావా అంటే తల ఊపాడు. ఉడుము ఇంట్లో అంటే ఊపాడు. "ఈ తుమ్మచెట్టు చిటారుకొమ్మన, పెద్దన్న గూట్లో?"

తొండ అలవాటుగా తల ఊపాడు.

ఎక్కడో ఒక ఎలుక కిసుక్కుమంది. పైడయ్య గబగబా, వాడు దేనికైనా ఊపుతాడు పెద్దయ్యా, వాడి మాట పట్టించుకోకండి అన్నాడు. ఆ మాట అనేశాక తనేమన్నాడో వాడికి అర్థమైంది. మాట దిద్దుకోబోయేలోగా పైనుంచి వినబడింది. కూ... కూ...

అందరి తలలూ ఒక్కసారి లేచాయి. కోయిల గూటివైపు ఒక్క అడుగు జరిగి ఆగింది. అది తన బిడ్డ అని చెబితే కాకులు ఆ బిడ్డని ఇప్పుడే గూట్లోంచి తోసేస్తాయి, దానికింకా రెక్కలు రాలేదు. చెప్పకపోతే గుట్ట పెద్దకే ఆకు పంపాలి. కోయిల నూకాలు వైపు చూసింది. నూకాలు కూడా ఆమెనే చూస్తోంది. ఇద్దరూ పిల్లల తల్లులే.

అప్పలస్వామి తన గూటివైపు ముక్కు తిప్పాడు. మా ఇంట్లో పాడిందెవరని అడిగాడు.

అది కోయిల బిడ్డన్న మాట బయటికి రానిస్తే నూకాలు గెలుపు ఇంకా గట్టిగా ఉండేది. అంత పదునైన నోరూ అక్కడ ఆగింది.

"మా ఇంట్లో ఎవరు పాడారో నాకు తెలియదు పెద్దన్నా, మీ ఇంట్లో ఎవరు పాడారో మీకూ తెలియదు. పిల్లలున్న ఇల్లు. గాలికి ఏ రాగం వస్తుందో, ఏ నోరు అందుకుంటుందో. మీరు దొంగంటే నేనూ దొంగే."

కాకి పెళ్ళాం గూట్లోంచి తొంగిచూసి, మా చిన్నాడేనండీ, ఎంత గొంతో చూడండి అంటూ మురిసిపోయింది. కాకి పిల్ల కాకికి ముద్దు. అప్పలస్వామి ఛాతీ కూడా కొంచెం పొంగింది.

"నాకీ గింజలూ వద్దు, ఆకులూ వద్దు," అంది కోయిల కింది కొమ్మకి దిగి. "వినాలనుకున్నవాళ్ళు పండు తెస్తారు. తేనివాళ్ళు పోనీ. పైడయ్యకి నా తరఫున మాట్లాడే పని లేదు."

పాట గల ఆమే వద్దన్నాక నక్కకి నిలబడటానికి నేల లేదు. తెచ్చుకున్న సాక్షి దేనికైనా తల ఊపుతాడని తనే ఒప్పుకున్నాడు కూడా. అప్పలస్వామి తీర్పు చెప్పాడు. ఆకులన్నీ చెల్లవు, పైడయ్య ఎవరి గింజలు వాళ్ళకి తనే మోసుకెళ్ళి ఇవ్వాలి. ఆ పక్కనుంచి నూకాలు మరో మాట కలిపింది, గడప ముందు కుమ్మరించి పోతే కుదరదు, ఎవరివి వాళ్ళకి పేరు పెట్టి పిలిచి ఇవ్వాలని. అప్పలస్వామి అలాగేనన్నాడు.

ఆ సాయంత్రం నుంచి పైడయ్య గుట్ట కింద బరువు మోశాడు. ఏ కలుగు ఎక్కడుందో వాడికి కంఠతా వచ్చు, ఆకులు వేసినవాడు కదా. ఏ కలుగులో ఎవరుంటారో మాత్రం తెలియదు. ఎలుకల కలుగు ముందు ఉడుము పేరు పిలిచాడు. ఉడుము కలుగు ముందు పిలవడానికి పేరే తట్టలేదు. ప్రతి గడప దగ్గరా గింజలు వీపున పెట్టుకుని నిలబడి, లోపల ఎవరండీ, మీ పేరేమిటండీ అని అడుక్కోవలసి వచ్చింది. లోపలివాళ్ళు తొందరేం పడలేదు. సన్యాసి అయితే పిల్లలందరి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పించి, చివర తప్పు పలికాడని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టించాడు.

ఆ పేర్ల పాఠం అవుతుండగానే మృగశిర మొదటి చినుకు వాడి ముక్కుమీద పడింది.

నీతి: నీ గడప మీద నింద వేసినవాడు వస్తే గాదె తెరవకు, ముందు గడప లోపలి పేరు చెప్పమని అడుగు.