కూత తీసేసిన పొయ్యి

ఇది చిన్న కథ. వక్కపలుకు నోట్లో వేసుకుంటే నలిగేలోపు అయిపోతుంది. దానికి ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా ప్రెసిడెంటు కారు వెనక్కి తీస్తే అందులోంచి లాలిపాట వస్తుంది. అది వినపడగానే వీధిలో పిల్లలూ కోళ్ళూ గోడకు అంటుకుంటారు. రెండు ఎలక్షన్లలో ఆయన ఊరికి చేసిన మేలు ఇదొక్కటే, వస్తున్నానని ముందుగా చెప్పడం. ఇక మా పోస్టుమాస్టరు ఇంటావిడ పిలిస్తే పలకడు. కుక్కరు పిలిస్తే మాత్రం మూడో ఈలకు లేచి వెళతాడు.

సరే, కథకు వద్దాం.

మా ఊరి పైన ఎర్రకొండ మీద ఓబుళస్వామి ఆశ్రమం ఉంది. దక్షిణామూర్తి అనే శిష్యుడు అక్కడికి వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు పట్నంలో లిఫ్టులు బాగుచేసేవాడు. జనాన్ని పైకి పంపింది చాలు, ఇక తను వెళ్ళాలని వచ్చాడని మావాళ్ళు అంటారు. మావాళ్ళ మాట నమ్మనక్కర్లేదు.

అతనికి కావలసింది ఒక్కటే, మంత్రదీక్ష.

"నలభై ఒక్క రోజులు నోరు తెరవకుండా ఉండు. చెవిలో చెబుతాను," అన్నాడు స్వామి.

దక్షిణామూర్తి "మౌనం" అని రాసిన పలక మెడలో తగిలించుకుని మొదలుపెట్టాడు.

ఐదో రోజుకు చిక్కొచ్చింది. తన నోరు మూతపడింది గానీ ఆశ్రమంలో యంత్రాల నోళ్ళు మూతపడలేదు. నీళ్ళ ట్యాంకు నిండితే ఒక ఆడగొంతు హెచ్చరిస్తుంది. ఇన్వర్టరు కుయ్యిమంటుంది. వంటింట్లో భక్తులెవరో ఇచ్చిన గాజుపలక కరెంటు పొయ్యిలు మూడున్నాయి. వెలిగిస్తే ఒక కూత, ఆర్పితే రెండు. ఇవన్నీ ధ్యానం చెడగొడుతున్నాయని పలక వెనక రాసి స్వామికి చూపించాడు.

"నీకు అడ్డమైతే తీసెయ్ నాయనా."

తీసేశాడు. చేతిలో పనితనం ఉన్నవాడు. ఒక్కొక్క యంత్రం మూత విప్పి, కూసే ముక్కను ఊడబీకి, గుడ్డలో మూటగట్టాడు. పొయ్యిల్లో తిరిగే ఫ్యాన్లకు నూనె వేసి వాటి గొణుగుడు కూడా మాన్పించాడు.

ఆ తర్వాత ఆశ్రమం ఎలా ఉండేదో పాలు పోసే నరసింహులు చెప్పాడు. పాలు పోసి దిగేటప్పుడు పట్టపగలే వెనక్కి తిరిగి తిరిగి చూసుకునేవాడు. ట్యాంకు నిండి నీళ్ళు గోడ మీద చప్పుడు లేకుండా జారేవి. ఏ యంత్రం నడుస్తోందో, ఏది చచ్చిందో తెలిసేది కాదు. ఎర్ర దీపాలు మాత్రం కన్నార్పకుండా చూస్తుండేవి.

వంట కామేశమ్మది. ఆమెకు చూపు పోయి పదేళ్ళు. పొయ్యి మీద ఎక్కడ నొక్కాలో మైనపు చుక్క పెట్టుకుంది. మిగతాదంతా కూతే చెప్పేది. ఇప్పుడు ఆమె పొయ్యి ముందు నిలబడి, అరచెయ్యి గాజు మీదికి కొంచెం దించి, ఆగి, ఇంకొంచెం దించి చూసుకునేది. ఒకరోజు ఎక్కువ దించింది. ఆ చేతికి గుడ్డ చుట్టుకుని రెండో చేత్తో వండింది.

దక్షిణామూర్తి మజ్జిగ కోసం లోపలికి వెళితే ఆమె గరిటె ఆపి తల ఎత్తేది.

"ఎవరది?"

మొదటిసారి అతను అలవాటుగా పలక ఎత్తి చూపించాడు. ఎవరికి చూపిస్తున్నాడో గుర్తొచ్చి దించుకున్నాడు.

"ఎవరది నాయనా?"

ఒక్క మాట పలికితే ఇన్ని రోజులూ నీళ్ళపాలు. గ్లాసు తీసుకుని బయటికి జారుకున్నాడు. రోజూ అంతే.

ఇరవయ్యో రోజుకు ఆమె అడగడం మానేసింది. ముప్పయ్యో రోజున మజ్జిగ కుండ పక్కన, సరిగ్గా అతను నిలబడే చోట, ఒక విస్తరాకు కనిపించింది. దాని మీద పిడికెడు వేడి అన్నం. పక్కన అగరువత్తి.

కామేశమ్మ గాలికి చేతులు జోడించింది.

"నన్నేమీ చెయ్యకు తండ్రీ. తిని నీ దోవన నువ్వు పో."

అతను ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

ఆ ఆకు ఆ రోజు నుంచి ఏ పూటా తప్పలేదు.

ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నం స్వామి అతన్ని వంటింట్లోకి పిలిచాడు. భుజం మీది తువ్వాలు తీసి అతని కళ్ళకు కట్టాడు.

"మూడు పొయ్యిల్లో ఒకటి వెలుగుతోంది. ఆర్పు."

ఆ తర్వాత స్వామి అడుగుల చప్పుడు కూడా లేదు.

దక్షిణామూర్తి చెయ్యి చాచాడు. కొంచెం దించాడు. ఆగాడు. ఇంకొంచెం దించాడు. చెమట ముక్కు చివరికి జారింది. ఒక అడుగు పక్కకు వేస్తే కాలికి మెత్తగా ఏదో తగిలింది. అన్నం. ఇంకా వెచ్చగా ఉంది.

అప్పుడు తెలిసింది, ఎదురుగా ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. మొహానికి తగిలేంత దగ్గరగా. అది స్వామి ఊపిరి కాదు.

"ఎవరది?" అన్నాడు.

చెవి రిక్కించాడు.

"ఎవరది?"

తువ్వాలు లాగేశాడు. జానెడు దూరంలో కామేశమ్మ నిలబడి వణుకుతోంది. స్వామి ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు. మూడు పొయ్యిలూ చల్లగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పమ్మా, ఎవరిది ఈ గొంతు?" అన్నాడు స్వామి.

"మన దక్షిణామూర్తిది కదూ," అంది కామేశమ్మ. "ఊరికి వెళ్ళిపోయాడనుకున్నా స్వామీ. ఎప్పుడొచ్చాడు?"

దక్షిణామూర్తి మూట విప్పి, సాయంత్రానికల్లా కూతలన్నీ ఎక్కడివక్కడ బిగించాడు. దీక్ష సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి మొహం చెల్లలేదు.

నలభై ఒకటో రోజున స్వామి అతన్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెవిలో మంత్రం చెప్పాడు.

గురువు చెవిలో చెప్పింది బయటికి పొక్కకూడదంటారు. ఇది మాత్రం నరసింహులు రోజూ వింటున్నాడు. మూడు పూటలా వంటింటి గడప దగ్గర ఆగి దక్షిణామూర్తి జపిస్తాడు.

"అమ్మా, దక్షిణామూర్తిని. లోపలికి వస్తున్నా."