తుమికి కునుకు, ఉసిళ్ళ విందు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండర్రా! ఉన్నవాళ్ళు చెవులు గట్టిగా పట్టుకోండి, ఊడిపడగలవు.

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, అందులో దూరిన గాలి బయటికి దారి తెలియక ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ అడవిలో ఒక ఎలుగమ్మ. ఆమెకు ఇప్పి అని ఒక కూతురు, తుమికి అని ఒక కొడుకు.

మధ్యాహ్నం కాగానే తుమికిని గుహలో పడుకోబెట్టి, తల్లీకూతుళ్ళు గుహ ముందరి పుట్ట తవ్వి చెదలు తినేవాళ్ళు.

"నేనూ తవ్వుతానమ్మా!" అన్నాడు తుమికి.

"పడుకో నాన్నా. లేచాక నా వీపెక్కి ఊరేగుదువుగాని."

"పాలబుగ్గల పాపాయిలే పగలు పడుకుంటారు" అని ఇప్పి మూతి తిప్పింది.

అంతే! తుమికి కడుపులో అసూయ భగ్గుమంది. ఆ సెగకు గుహలోని గబ్బిలాలు తడి రెక్కలు ఆరబెట్టుకున్నాయంటే చూసుకోండి!

'అక్కకు చెదలూ, నాకు నిద్రా? ఇక పగలు కన్ను మూస్తే నేను ఎలుగునే కాను' అని ఒట్టు పెట్టుకున్నాడు.

మొదటి రోజు దొంగ గురక పెట్టి, అమ్మ అటు తిరగగానే బయటికొచ్చాడు. అక్కకంటే లోతుగా తవ్వాడు. ఎంత లోతంటే, పాతాళంలోంచి "ఎవరదీ?" అని వినిపించింది. పొద్దు వాలేసరికి మాత్రం, తేనె తియ్యగా ఉందని ఏడ్చాడు.

రెండో రోజు, తన నీడ తనకంటే పొడుగ్గా ఉందని దానితో కొట్లాడి ఓడిపోయాడు.

"నిద్ర చాలకే ఈ పేచీలన్నీ" అంది ఎలుగమ్మ.

"అక్క పడుకుంటోందా? నాకెందుకు నిద్ర?"

మూడో రోజు తొలకరి పడింది. తొలకరి సాయంత్రం పెద్ద పుట్టలోంచి రెక్కల ఉసిళ్ళు పొగలా లేస్తాయి. ఎలుగులకు ఏడాదికొక్కసారి వచ్చే విందు అది. తుమికి ఆ పగలూ కునుకు తియ్యలేదు. అమ్మ వీపెక్కి బయలుదేరాడు.

"గట్టిగా పట్టుకో."

"నాది ఉడుంపట్టమ్మా!" అంటూ ఆవలించాడు. ఆ నోట్లోకి మిణుగురులు దూరి, ఊరంతా చూసొచ్చినట్టు తిరిగి బయటికొచ్చాయి.

దారిలోనే కళ్ళు మూతపడ్డాయి. పట్టు జారింది. గట్టు మీంచి దొర్లి, వాగొడ్డున పడుకున్న ముసలి ఉడుము తోక మీద దబ్బున పడ్డాడు. ఆ ఉడుము పెట్టిన కేకకు అవతలి గుట్టలు ఇవతలికొచ్చాయి. తుమికి మాత్రం లేవలేదు! ఇంకాస్త దొర్లితే వాగులో పడేవాడే. ఎలుగమ్మ గుండెలు బాదుకుంటూ దిగొచ్చి, వాణ్ణి ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఇప్పి కూడా విందు వదిలేసి వెంట నడిచింది.

తెల్లారింది. "ఉసిళ్ళేవమ్మా?" అన్నాడు తుమికి.

"ఎగిరిపోయాయి నాన్నా."

వాడు గొల్లుమన్నాడు. అక్క వెక్కిరిస్తుందనుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

"ఏడవకురా. నిజం చెప్పనా? నువ్వు కునుకు తీస్తావు కనక చీకటి పడ్డాక కూడా అమ్మ పొట్టమీద ఆడుకుంటావు. నేను నెమళ్ళు చెట్టెక్కేసరికే పడుకోవాలి. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో!"

తుమికి ఏడుపు ఆగిపోయింది. వాడు అక్క మధ్యాహ్నాన్ని చూశాడు గానీ, అక్క సాయంత్రాన్ని ఎప్పుడూ చూడలేదు.

"నిద్ర ఎక్కడికీ పోదర్రా" అని ఎలుగమ్మ నవ్వింది. "పగలు పొమ్మంటే, సాయంత్రం ముందే వచ్చి కూర్చుంటుంది."

ఆనాటి నుంచి తుమికి పగలు నిద్రొస్తే పడుకునేవాడు. రాని రోజు ఊరికే కాసేపు నడుం వాల్చి లేచి, రాత్రి పెందలాడే అక్క పక్కన పడుకునేవాడు. అలా అలా ఆ కునుకు పండిన పండులా తనంతట తనే రాలిపోయింది. మరుసటి తొలకరికి ఆకాశంలో సగం ఉసిళ్ళు వాడే మింగాడు. మిగతా సగం అక్కకు వదిలాడు.

నీతి: ఎదుటివాళ్ళ మధ్యాహ్నం చూసి కుళ్ళుకుంటే మన సాయంత్రం చేజారుతుంది, పెద్దరికం తొందరపడితే రాదు, మెల్లగా అలవాటైతే వస్తుంది.

సాక్షి కావాలా? వాగొడ్డుకు పోయి, వంకర తోక ఎవరిదో చూసి అడగండి. పేరు ఉడుము పైడయ్య.