మునసబుగారొచ్చాకే మొదటి రీలు

సినిమాకెళ్లొచ్చామంటున్నారు, ఏం చూశారో చెప్పండి. మా ఊరి డేరా హాల్లో మేం చూసింది ఎప్పుడూ మొదటి సగమే. అది నడుస్తుండగా మునసబు వీరభద్రయ్యగారు తీరిగ్గా భోంచేసి వచ్చేవారు. ఆయన రాగానే బొమ్మ మళ్లీ మొదటినుంచి వెయ్యాలి. ఇంజనులో డీజిలేమో ఒక్క ఆటకే సరి. మళ్లీ సగానికొచ్చేసరికి ఆగిపోయేది.

సినిమాలో తప్పిపోయిన పిల్ల తల్లికి దొరికిందో లేదో తెలియక పల్లీలమ్మే సూరాలమ్మకి అన్నం సయించలేదు. మర్నాడు ఆపరేటరు దగ్గరికెళ్లి, “ఆయన వచ్చేలోగా చివరి సగం వేసెయ్యి నాయనా. వచ్చాక మొదలుపెడుదువుగాని” అంది.

అలాగే వేశాడు. పిల్ల దొరికిందని జనం ఏడ్చి ముక్కులు తుడుచుకుంటుంటే మునసబుగారొచ్చారు. మొదటి రీలు పడింది. సగంలో ఇంజను ఆగితే అందరూ నవ్వుతూ లేచారు.

“ఇంతకీ ఆ పిల్ల దొరుకుతుందంటావా?” అన్నారాయన సూరాలమ్మతో.

“దొరికింది బాబుగారూ.”

“నేను రాకుండానే మొదలెట్టారుటే?”

“ఎంతమాట. మీరొచ్చాకే మొదలెట్టాం. మీరు రాకముందు ముగించామంతే.”

మర్నాడు తెర కట్టకముందే ఆయన కుర్చీ, దాని వెనకే ఆయనా డేరాలోకొచ్చారు.

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరికోసం ఆట ఆపుతూనే ఉంటారుగా, ఎన్నాళ్లని మొదటి సగమే చూస్తారు?