టెంటు వేసుకుని కొండెక్కిన సంబంధం

గన్నేరుపాలెం తెలివంతా తమ ఇంట్లోనే ఉందని దేముడునాయుడి నమ్మకం. అది బయటికి పోకుండా పగలు కూడా తలుపులు వేసి ఉంచేవాడు. ఆయన భార్య వరాలమ్మ ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. "ఊళ్ళోవాళ్ళు మాట విని ఊరుకుంటారండీ. మనం మాట విని, ఉన్నదున్నట్టు చేస్తాం" అనేది. దేముడునాయుడి తమ్ముడు సన్యాసినాయుడికి ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. తమకి తగ్గ తెలివైన పిల్ల దొరకలేదని ఇంట్లోవాళ్ళు చెప్పేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు ఇంకో కారణం చెప్పేవాళ్ళు.

ఎట్టకేలకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి జోగారావు ముప్పై ఏళ్ళు అడవిలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. "సోఫాలో కూర్చుని జంతికలు నమిలితే మనిషి తెలీడు. ఆదివారం లంబసింగి కొండకి రండి, నడుద్దాం. నడక సామాన్లు తెచ్చుకోండి" అని కబురు పెట్టాడు. సంబంధాలు చూసే ఆయన మాత్రం "ఇది కూడా పోతే ఇంక నా వల్ల కాదు" అని చెప్పేశాడు.

అంతే. శనివారం ముగ్గురూ నర్సీపట్నం మెయిన్‌రోడ్డు మీద ఒక షాపులో దిగారు. షాపాయన గుప్తేశ్వరరావు నోరు మంచిది, నవ్వుతూ బూట్లు తెచ్చి ముందు పెట్టాడు.

"గట్టి సరుకు బాబుగారూ. కొత్తవి గదా, రెండ్రోజులు కరుస్తాయి. తర్వాత అలవాటైపోతాయి."

ముగ్గురూ రెండడుగులు వెనక్కి వేశారు.

"కరిచేవాటిని ఇంటికి తీసుకెళ్తామా? పక్కింట్లో చంటిపిల్లలున్నారు" అంది వరాలమ్మ.

"మూతి కట్టేస్తే ఏమీ చెయ్యవే" అన్నాడు దేముడునాయుడు. ఇంకేముంది, పురికొస తెప్పించి మూడు జతలకీ మూతులు బిగించి కట్టారు. మూతి కట్టాక కాలు దూరలేదు. పోనీలే, అలవాటయ్యేదాకా నడిపించుకుపోదామని ఒక్కోదానికి ఒక్కో తాడు కట్టారు.

గుప్తేశ్వరరావు చెమట తుడుచుకుని నీళ్ళ సీసా చూపించాడు. "బోర్లించినా చుక్క బయటికి రాదమ్మా."

"మరి తాగేదెలా?"

"మూత తీస్తే వస్తుంది."

"ఇప్పుడే గదా రాదన్నావు" అంది వరాలమ్మ. ఆయన ఆ సీసాలో నీళ్ళు తనే తాగేసి, టెంటు తెచ్చాడు.

"ఇందులో నలుగురు పడతారు."

"పడితే దెబ్బ తగలదా?" అన్నాడు సన్యాసినాయుడు.

"పడటమంటే పట్టడం బాబూ. నలుగురు పడతారు."

"మేం ముగ్గురమే. నాలుగోవాణ్ణి మీరిస్తారా?"

గుప్తేశ్వరరావు రెండు చేతులూ జోడించాడు. "ఎవరో ఒకరు దొరుకుతారు బాబూ. చీకటి పడకముందే టెంటు వేసుకోండి, అంతే చాలు. సరుకు మాత్రం అనుమానం లేదు, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి."

ముగ్గురూ డబ్బిచ్చి కళ్ళు మూసుకున్నారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, వెనకాల ఆరు బూట్లు ఈడ్చుకుంటూ రోడ్డెక్కారు. ముందు ఇడ్లీబండి తగిలింది. చట్నీ గిన్నె తల మీద పడ్డా వరాలమ్మ కళ్ళు తెరవలేదు. "కారంగా ఉందండీ" అని మాత్రం అంది. ఎవరో జాలిపడి చేయి పట్టుకుని రోడ్డు దాటించి బస్సెక్కించారు. కండక్టరు లేచి తన సీటిచ్చాడు. ఇంటి గుమ్మం తగిలాకే ముగ్గురూ కళ్ళు తెరిచారు.

తెల్లారింది. "చీకటి పడకముందే వేసుకోమన్నాడు" అన్నాడు దేముడునాయుడు, టెంటు విప్పుతూ. "ఇప్పుడే వేసేసుకుంటే ఒక పని అయిపోతుంది."

ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఎటు చూసినా తల దూరే చోటు లేదు.

"దర్జీ మెడ పెట్టడం మర్చిపోయాడు" అంది వరాలమ్మ. కత్తెర తెచ్చి పైన మూడు కన్నాలు కోసింది. కాసేపాలోచించి నాలుగోది కూడా కోసింది, ఎవరో ఒకరు దొరుకుతారన్నాడు గదా అని.

కొండ మీద జోగారావు, కూతురు కస్తూరి అప్పటికే తమ టెంటు వేసుకుని టీ కాస్తున్నారు. కింద నుంచి నీలంగా ఏదో వస్తోంది. మూడు తలలు, ఆరు కాళ్ళు. వెనకాల ఆరు పిల్లలు. ముప్పై ఏళ్ళలో అలాంటి జంతువుని చూడని జోగారావు కర్ర పట్టుకుని లేచాడు.

"నమస్కారం మావగారూ" అంది మధ్య తల.

కస్తూరి నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. జోగారావు నవ్వలేదు. "టీ తాగి బయల్దేరండి. పిల్లని మీ ఇంట్లో ఇచ్చేది లేదు" అన్నాడు.

ముగ్గురికీ మొహాలు చిన్నబోయాయి. టీ తాగుదామంటే చేతులు టెంటులో ఉండిపోయాయి. కస్తూరే గ్లాసులు ముగ్గురి నోటికీ అందించింది. సన్యాసినాయుడి వంతు వచ్చినప్పుడు, చల్లారిందో లేదో తను ఊది చూసింది.

బయల్దేరబోతుండగా ఈదురుగాలి మొదలైంది, వెనకే వాన. కొండ మీదున్న టెంట్లన్నీ గాలిపటాల్లా లేచాయి. జోగారావుది అన్నిటికంటే ముందు లేచి లోయలో పడింది. ఎగరనిది ఒక్కటే, ఆరు కాళ్ళ మీద నిలబడ్డది.

సన్యాసినాయుడు అంచు పైకెత్తాడు. "రండి మావగారూ. ఒక కన్నం ఖాళీగా ఉంది."

వేరే దారి లేక జోగారావు దూరి నాలుగో కన్నంలో తల పెట్టాడు. కస్తూరి లోపల మధ్యలో కూర్చుంది. నలుగురి తలల మీదా వాన దంచింది.

"తల తడుస్తోందయ్యా" అన్నాడు జోగారావు.

"తలలు బయట ఉన్నాయి గదండీ, తడుస్తాయి" అని దేముడునాయుడు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

లోపల కస్తూరికి సన్యాసినాయుడి పాదాలు కనపడ్డాయి. రాళ్ళకి గీసుకుపోయి రక్తం కారుతున్నాయి.

"అన్ని బూట్లు పెట్టుకుని ఉత్తికాళ్ళతో ఎక్కారేంటి?"

"కరుస్తాయటండి. అలవాటవ్వాలి. మీరు కొంచెం జరగండి, వాటి పక్కన కూర్చున్నారు."

కస్తూరి జరిగింది. "నాన్నా, అడవిలో ముప్పై ఏళ్ళు చేసినవాళ్ళ టెంటు ఎక్కడుంది?" అని పైకి కేకేసింది.

"లోయలో."

"నేనెక్కడున్నాను?"

జోగారావు లోయ వంక చూశాడు. వాన తగ్గాక ఒక్క మాటే అన్నాడు. "ముహూర్తం చూడమనండి."

నెల తిరక్కుండా పెళ్ళి. పీటల మీద జోగారావు కళ్ళు చెమ్మగిల్లాయి. కూతురి చేయి అల్లుడి చేతిలో పెడుతూ, "బాబూ, మా పిల్లని నీ చేతుల్లో పెడుతున్నాను. జాగ్రత్త" అన్నాడు.

ఇంకేముంది. సన్యాసినాయుడు లేచి కస్తూరిని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"తాళి కట్టు నాయనా" అన్నారు పంతులుగారు.

"చేతులు ఖాళీ లేవండి."

"అమ్మాయిని దింపు."

"ఇప్పుడే గదండీ పెట్టారు. అప్పుడే దింపేస్తే ఆయన ఏమనుకుంటారు?"

ముహూర్తం దాటిపోతోంది. పంతులుగారు జోగారావుని చూశారు, జోగారావు చూరుని చూశాడు. దేముడునాయుడు, వరాలమ్మ గుసగుసగా ఆలోచించారు. "చేతులు ఖాళీగా ఉన్నది పెళ్ళికూతురికే గదా" అని తాళి తెచ్చి కస్తూరికి ఇచ్చారు.

కస్తూరి ఒక్కసారి తండ్రి వంక చూసి, నవ్వు బిగబట్టుకుని, సన్యాసినాయుడి మెళ్ళో మూడు ముళ్ళూ గట్టిగా వేసింది. మేళం మోగింది. ఆ చప్పుడులో అందరూ అక్షింతలు వేసేశారు.

ఆ తాళి ఇప్పటికీ సన్యాసినాయుడి మెళ్ళోనే ఉంది. స్నానానికి కూడా తియ్యడు. కస్తూరి క్షేమం కోసమని వదిన చెప్పింది.