గంపతల్లి నడిచిన కాలువ

కొసవరం వెళ్ళే భక్తులు ఏటి ఆనకట్ట దగ్గర బండి దిగి, కాలువగట్టు పట్టుకుని నడవాలి. అడ్డదారి లేదా అని అడగకండి. ఉంది, కానీ ఆ దారిన అమ్మ రాలేదు. కాలువ గుట్టకు ఒదిగి, చింతతోపును చుట్టి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి మళ్ళి, మళ్ళీ ముందుకు సాగుతుంది. దాని కొసన, ఆఖరి మడి పక్కన గుడి. గర్భగుడిలో అమ్మ నిలబడీ ఉండదు, కూర్చునీ ఉండదు. నెత్తిన గంప, ముందుకు వేసిన ఎడమ పాదం. నడుస్తూ ఉంటుంది. మూర్తి రాతిది కాదు, ఒండ్రుమట్టిది.

ఈ కాలువ ఇంకా లేని రోజుల్లో ఈ సీమను కొమ్మసాని అనే దొరసాని ఏలుతుండేది. చెల్లెలు బాచమను కొసవరం ఇచ్చి పెళ్ళి చేసింది. ఆ ఊరికి వాన తప్ప వేరే దిక్కు లేదు. పసుపుకుంకుమ కింద ఏటి నీళ్ళే ఇస్తానని పెళ్ళిపందిట్లో అందరి ముందూ చెల్లెలికి మాట ఇచ్చింది కొమ్మసాని.

తన గొప్పకు తగ్గట్టు, బండ్లు బారులు తీరి పక్కపక్కన పోయేంత వెడల్పున కాలువ తవ్వించింది. నీళ్ళు అంత వెడల్పునా పరుచుకుని, బద్ధకంగా కదిలి, మోసుకొచ్చిన మట్టినంతా సగం దారిలోనే దించేశాయి. ఎంత పూడిక తీసినా మళ్ళీ మేట వేసింది. విసిగిపోయి సన్నగా, నిట్టవాలుగా ఇంకొకటి తవ్వించింది. ఈసారి నీళ్ళు పరుగెత్తాయి. గట్లు కొరుక్కుంటూ పోయి, ఆ మట్టీ ఇసుకా కొసవరం మడుల మీద కుమ్మరించాయి.

ఎండలు మొదలవుతుండగా బాచమ వచ్చింది.

"అక్కా, నీ మొదటి కాలువలో ఏనుగులు పొర్లొచ్చు. రెండో కాలువ మా మడులను పాతిపెట్టేసింది. పసుపుకుంకుమ బాగా ముట్టింది తల్లీ!"

"వెటకారం చాల్లేవే. ఏం కావాలో అడుగు."

"అడగడానికి రాలేదు, చెప్పిపోదామని వచ్చాను. మృగశిర కార్తె దాటేలోగా మడి తడవకపోతే ఊరంతా బండ్లు కడుతున్నాం. ఇక కొసవరం ఉండదు."

ఆ మధ్యాహ్నమే కొమ్మసాని ఏటి ఒడ్డున కూర్చుని ఏటినే తిట్టిపోసింది. తిట్టి తిట్టి అలసి, నీటి మీద ఊగే వెలుగును చూస్తూ కునుకు తీసింది. ఆ కునుకులో ఏటి నుంచి ఒక ఆడమనిషి పైకి వచ్చింది. నెత్తిన ఒండ్రు గంప. ఆమె చీర కుచ్చెళ్ళు ఎక్కడ ముగుస్తాయో, నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలియలేదు.

"నీళ్ళు అడిగితే మట్టి తెస్తావేం?" అని కలలోనూ నిలదీసింది కొమ్మసాని.

"మట్టి లేకుండా వస్తే నీ చేలు ఏం తింటాయే?" అని ఆమె నవ్వింది. "వెడల్పు దారి వేశావు, నిద్ర ముంచుకొచ్చి గంప దించేశాను. నిట్టవాలు దారి వేశావు, కాళ్ళు నిలవక గట్లు పట్టుకు లాగాను. గంప దించకుండా, గట్టు తాకకుండా నడిచే దారి వెయ్యి. నడుమ నన్నెవరూ ఆపకూడదు. ఆపితే అక్కడే దించేస్తాను."

మెలకువ వచ్చేసరికి పక్కన తడి ఒండ్రుతో నిండు గంప ఉంది. కొమ్మసాని దాన్ని నెత్తిన పెట్టుకుని కొసవరం వైపు నడిచింది. పాదం పరుగందుకున్న చోట వాలుకు అడ్డంగా మళ్ళింది. పాదం ఈడ్చుకుపోయిన చోట కాలువను సన్నం చేయమంది. వెనకే పలుగులు, పారలు కదిలాయి. పనివాళ్ళకు పెద్ద అయిన రేచన ఉండబట్టలేకపోయాడు.

"దొరసానీ, ఇది కాలువలా లేదు, దారి తప్పిన పాములా ఉంది. జనం నవ్వుతారు."

"నవ్వనీ రేచనా. తిన్నగా తవ్వి రెండుసార్లు ఏడ్చాంగా!"

మృగశిర ఆఖరి రోజున నీళ్ళు వదిలారు. ఎర్రటి నీళ్ళు తొందర లేకుండా, తీరుబడీ లేకుండా సాగాయి. కొమ్మసాని ఆనాడు గంపతో నడిచినట్టే గట్టు వెంట నడిచింది. చింతతోపు మలుపులో ఉన్నట్టుండి నీరు మందగించింది, అడుగున మట్టి పేరుకోసాగింది. వెనుదిరిగి చూస్తే ఎగువన ఆమె సొంత చేను తూము తెరిచి ఉంది. పక్కన రేచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముందు దొరసాని చేను తడవడం మర్యాద కదమ్మా!"

"నా చేను ఎటూ పోదు రేచనా. వెళ్ళిపోయేది కొసవరం."

వెంటనే నీళ్ళలోకి దిగి, తూము నోటికి వీపు ఆనించి కూర్చుంది. కాలువ నిండింది. పేరుకున్న మట్టి మెల్లగా లేచి నీటితో కలిసి వెళ్ళింది.

కొసవరంలో అప్పటికే బండ్లు కదిలాయి. ఆఖరి మడి దగ్గర ముందు బండి ఎడ్లు ఆగాయి, ఎంత అదిలించినా కదలలేదు. బాచమ దిగి చూస్తే అవి తలలు వంచి నీళ్ళు తాగుతున్నాయి.

ఊరు నిలిచింది. తెల్లవారేసరికి ఆ మడిలో పేరుకున్న ఒండ్రు, గంప మోస్తూ నడిచే తల్లి రూపు కట్టింది. ఎవరి చెయ్యీ పడలేదంటారు.

నేటికీ భక్తులకు ఇక్కడ ఒండ్రే బొట్టు. ఇచ్చిన మాట తీర్చలేక నలిగేవారు ఆ బొట్టు పెట్టుకుంటే దారి దొరుకుతుందని నమ్మకం. ఏటా నీళ్ళు వదిలే రోజున ఎగువ ఊళ్ళ ఇల్లాళ్ళు తమ తమ తూములకు వీపు ఆనించి కూర్చుంటారు. ఎండ ముదిరినా, కళ్ళ ముందే సొంత మడి నెర్రెలు విచ్చినా కదలరు. కొసవరం కోడళ్ళు ఎర్రనీళ్ళ కుండ ఎత్తుకుని గట్టు మీదుగా ఎదురొచ్చి, "మా మడి తడిసిందమ్మా, ఇక లేవండి" అంటారు.

అప్పుడు లేస్తారు.