వందో వంతు రాజు

ఒక రాజుగారికి సభామంటపం కావలసి వచ్చింది. ఆ రాజ్యంలో గుర్రాలూ ఉన్నాయి, కంప్యూటర్లూ ఉన్నాయి. కథ కాబట్టి రెండూ ఇమిడిపోయాయి, మీరూ కాస్త సర్దుకోండి.

మంటపం ముందుగా తెరలో లేచింది. రాజుగారు రోజూ పొద్దున్నే తెర ముందు కూర్చుని, మౌసు పట్టుకుని అందులో షికారు చేసేవాడు. నేల తళతళలాడేది. కిటికీల్లోంచి ఎండ పడేది, అదీ ఆయన అడిగినంతే. ఒకరోజు సింహాసనం చుట్టూ ఉన్న నాలుగు పిల్లర్లు ఆయనకు అడ్డమనిపించాయి. తను అన్ని వైపుల నుంచీ కనపడొద్దూ? ఒక్కోదాని మీద ఒక్క నొక్కు నొక్కాడు. నాలుగూ మాయమయ్యాయి. పైనున్న స్లాబు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తెరలో దేనికీ బరువుండదు మరి.

"చూశారా? అవి అక్కర్లేదని నాకు ముందే తెలుసు," అన్నాడు రాజుగారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టక ఏం చేస్తారు?

తెరలో ఉన్నదాన్ని కాగితం మీదికి దించే పని ఒకామెది. మంటపాన్ని ఎక్కడో ఒకచోట నిలువునా కోసినట్టు చూపించి, వందో వంతుకు కుదించి, గీతలుగా మార్చి ఇస్తుంది. ఆ కాగితం చూసి మేస్త్రీ కడతాడు. తెరలో ఎంత అందమున్నా మేస్త్రీకి దాంతో పని లేదు. కాగితంలో ఉన్నదే అతను కట్టేది.

ఆ మేస్త్రీ, అతని మనుషులు నలభైమంది కోట ముంగిట్లో కూర్చుని ఉన్నారు. పొద్దుగూకేలోగా కాగితం వాళ్ళకి అందాలని ఉత్తర్వు. స్లాబు పోశాక దాని కింద పెట్టిన కర్రలు ఊడదీసేది వాళ్ళే. ఊడదీసేటప్పుడు కింద ఉండేదీ వాళ్ళే. అది ఆమెకు తెలుసు. అంతకుముందు ఈ పని చేసినాయన "కింద ఆధారం లేదు ప్రభూ" అన్నాడు. ఆయనిప్పుడు క్వారీలో రాళ్ళు కొడుతున్నాడు. అదీ ఆమెకు తెలుసు.

ఆమెకు భయం వేసింది. గోడ పక్కన కోసి చూపిస్తే ఏ గొడవా ఉండదు. అక్కడ స్లాబు గోడ మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది, ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆమె చెయ్యి అటే వెళ్ళింది. ఇంతలో ముంగిట్లో ఎవరో గట్టిగా దగ్గారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, మంటపాన్ని సరిగ్గా నడిమధ్యన కోసింది.

కాగితం బయటికి వచ్చింది. పైన స్లాబు, లావుపాటి నల్ల గీత. కింద నేల, ఇంకో గీత. మధ్యలో ఏమీ లేదు.

రాజుగారు వచ్చాడు. "అయిందా?"

"ఒక్కటి మిగిలింది ప్రభూ. మనిషి బొమ్మ వెయ్యాలి."

ఆ రాజ్యంలో అదొక పాత నియమం. ప్రతి కాగితం మీదా, కట్టడాన్ని ఎంతకు కుదించారో అంతకే కుదించి, ఒక మనిషిని చేత్తో గీసి నిలబెట్టాలి. పక్కన మనిషి లేకపోతే ఏది ఎంత పెద్దదో ఎవరికీ అంతుబట్టదు.

"అయితే వెయ్యి. ఆలస్యం దేనికి?"

"ఎవరిని వెయ్యమంటారు? అందరికీ ఎత్తు తెలిసిన మనిషి కావాలి."

రాజుగారు మీసం సవరించుకున్నాడు. "నాకంటే తెలిసినవాడెవడు? నన్నే వెయ్యి. నడిమధ్యన."

ఆమె గీసింది. వందో వంతుకు రాజుగారు మూడు బియ్యపు గింజలంత అయ్యాడు. ఆయన ముచ్చటపడి కాగితం మీదికి వంగాడు. తెరలో ఉన్న ఎండ ఇందులో లేదు. తళతళల్లేవు. నల్లటి గీత కింద తను ఒక్కడే ఉన్నాడు. ఆయన గబుక్కున తలెత్తి, తానున్న గది కప్పు వంక చూశాడు.

"కొంచెం పక్కకు జరుపు," అన్నాడు.

ఆమె చెరిపి, పక్కన గీసింది.

"ఇంకొంచెం."

అలా అయిదుసార్లు. అయిదోసారికి రాజుగారు గోడకు అతుక్కుపోయాడు. అయినా స్లాబు పైనే ఉంది. ఆయన నుదుట చెమట పట్టింది.

"నన్ను తీసెయ్. ఆ మేస్త్రీని పెట్టు. మధ్యలోనే పెట్టు," అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఆమె రాజుగారు చెప్పినట్టే గీసి, కాగితం తీసుకుని ముంగిట్లోకి వెళ్ళింది. మేస్త్రీ దాన్ని మోకాళ్ళ మీద పరుచుకున్నాడు.

"ఈ నడిమధ్య ఉన్నదెవరమ్మా?"

"మీరే, మేస్త్రీగారూ."

"నాకన్నా ముందు ఇంకెవరో నించున్నట్టున్నారే?"

"రాజుగారు."

చెరిపిన మచ్చల మీదుగా మేస్త్రీ వేలు మెల్లగా గోడ దాకా పోయి, గోడ దాటి, కాగితం అంచు దగ్గర ఆగింది. అతను చెయ్యి చాచి పెన్సిలు అడిగాడు. స్లాబుకు ఆధారం ఎక్కడ కావాలో అతనికి తెలుసు. సరిగ్గా ఒకప్పుడు పిల్లర్లున్న నాలుగుచోట్లా నలుగురు మనుషుల్ని గీశాడు. వాళ్ళ కాళ్ళు నేల మీదున్నాయి, తలల మీద స్లాబు ఉంది.

"కొలత తప్పింది మేస్త్రీగారూ," అందామె. "మనిషి ఇరవై అడుగులుంటాడా?"

"కింద ఏ ఆధారం లేకుండా ఆ కర్రలు మేం తియ్యాలంటే, స్లాబు మొయ్యడానికి అంతెత్తు ఉండొద్దా తల్లీ?"

ఆమె రబ్బరు అందుకోలేదు. కాగితం అలాగే తీసుకెళ్ళి రాజుగారి ముందు పరిచింది. ఆయన మొహం విప్పారింది.

"ఇప్పుడు బావుంది! నలుగురు మోస్తున్నారు, ఇంక పడదు. మేస్త్రీని తీసేసి మళ్ళీ నన్ను మధ్యలో పెట్టు."

ఆమె పెట్టింది, వందో వంతుకే. నియమం నియమమే కదా. ఆ నలుగురి మధ్యా రాజుగారు వాళ్ళ మోకాళ్ళ దాకా వచ్చాడు.

ఆ నలుగురిలో ఒక్కడు కాలు ఎత్తి పక్కకు పెడితే ఏమవుతుందో ఆయనకు మొదటిసారి తట్టింది. అప్పుడు కూలేది స్లాబు ఒక్కటే కాదు.

"ఎవరు వీళ్ళు?" అన్నాడు.

"మీ ముంగిట్లో కూర్చున్నవాళ్ళే ప్రభూ."

"తీసెయ్. నలుగుర్నీ తీసెయ్."

"తీసేస్తాను. కానీ ఆ చోట్లు ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉంటే మళ్ళీ ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు."

రాజుగారు కిటికీలోంచి ముంగిట్లోకి చూశాడు. నలభైమందీ లేచి నిలబడి ఉన్నారు.

"అయితే ఆ నాలుగుచోట్లా పిల్లర్లు పెట్టు," అన్నాడు. "లావుపాటివి పెట్టు. అక్కడ ఇంకెవరూ నిలబడే వీల్లేకుండా."

ఆయన మనసు మార్చుకునేలోగా ఆమె గీయడం మొదలుపెట్టింది.