రేగళ్లమెట్ట లూసియాలు

క్రైస్తవ గురువులు కాబోయేవాళ్లు చదివే గురువిద్యాలయంలో లాటిన్ చెప్పే బాలశౌరి గురువుగారిని ఏదైనా అడిగితే, ముందు "నీకెందుకొచ్చింది ఈ అనుమానం?" అంటారు. రాయప్పనీ అదే అడిగారు. రాయప్ప ఆయన శిష్యుడు, చురుకైనవాడు, తెలిసింది నలుగురికీ చెప్పకపోతే నిద్ర పట్టనివాడు.

"రేగళ్లమెట్టలో ముప్పై ఏళ్ల ఆడవాళ్లలో సగం మంది లూసియాలే, గురువుగారూ. అది రోము వాళ్ల పేరు, వెలుగు అని అర్థం. వాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. మరి ఇంతమందికి ఎందుకు పెట్టినట్టు? ఆదివారం ప్రసంగంలో నేనే చెబుదామనుకుంటున్నాను."

"ఆ అర్థం అక్కడ ఒకసారి చెప్పారులే" అని గురువుగారు ఈ సంగతి చెప్పారు.

ఆ ఊళ్లో, గుడిలో జ్ఞానస్నానం ఇచ్చి పేరు పెట్టేటప్పుడు బిడ్డకు తోడుగా నిలబడే జ్ఞానతల్లి పేరే బిడ్డకు పెట్టడం ఆచారం. తెరేజమ్మ కూతురి జ్ఞానస్నానానికి లూసియమ్మ అనే ఆవిడ జ్ఞానతల్లిగా నిలబడింది. అప్పట్లో ఆ ఊరి గుడి చూసుకునే విచారణ గురువు, పాపం మంచివాడే, ఆ పేరుకు అర్థం గుడినిండా ఉన్న జనానికి ముచ్చటగా వివరించాడు. కొన్ని నెలలకు పాపకు చూపు లేదని తెలిసింది. ఇక కుళాయి దగ్గర "వెలుగు ఎలా ఉందమ్మా?" అని ఒకరిద్దరు మొదలుపెట్టారు. జనం నోటికి అడ్డేముంది?

తెరేజమ్మ ఆ విచారణ గురువు దగ్గరికొచ్చి ఏడ్చింది. "ఈ పేరు తీసెయ్యండి స్వామీ. నా బిడ్డను పిలుచుకోడానికి నాకే నోరు రావట్లేదు."

జ్ఞానస్నానంలో పెట్టిన పేరు తీసెయ్యడం కుదరదన్నాడాయన. ఆమె పాపను పేరు పెట్టి పిలవడం మానేసింది.

ఆ తర్వాత ఊళ్లో ఏ ఇంట ఆడపిల్ల పుట్టినా జ్ఞానతల్లిగా లూసియమ్మనే పిలిచారు. ఆచారం ప్రకారం పేరూ అదే. గురువుకు విసుగొచ్చి జోజప్ప అనే తండ్రిని నిలదీశాడు. "ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు స్వామీ. మాకు ఈ పేరే కావాలి. ఒక్క పిల్లకే ఉంటే ఎగతాళి అవుద్ది. ఇంటింటా ఉంటే ఎవరు ఎవర్ని చూసి నవ్వుతారు?"

కొన్నేళ్లకు ఒక సాయంత్రం తెరేజమ్మ గుమ్మంలో నిలబడి, గట్టిగా, "లూసియా, అన్నానికి రా" అని పిలిచింది. వీధిలో ఆడుతున్న ఆడపిల్లలందరూ వెనక్కి తిరిగారు. వాళ్లలో ఒకతె తెరేజమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చింది.

రాయప్ప మెల్లగా అడిగాడు. "అయితే ఆ పేరుకు అర్థం ఏమని రాసుకోను, గురువుగారూ?"

"వెలుగనే రాసుకో. ఆ రోజు గుడిలో చెప్పినప్పటికి అది ఇంకా లాటిన్ మాటే. ఊరు దాన్ని వెలుగు చేసింది ఆ తర్వాతే."